2డీ బార్‌కోడ్‌కి ఫ్యాక్టరీని సిద్ధం చేయడం ఎలా: ప్రింటర్ కొటేషన్ అడిగే ముందు ఇది చదవండి

గీతల బార్‌కోడ్ గురించి ఫ్యాక్టరీలో ఎవరూ నిద్ర చెడగొట్టుకున్నది లేదు. డిజైనర్ ఒకసారి ఆర్ట్‌వర్క్‌లో పెట్టేస్తాడు, ప్రెస్ వాళ్లు లక్షల్లో అచ్చేసి రోల్స్ పంపిస్తారు, లైన్ మీదికి వచ్చేసరికి అది ప్యాకెట్ మీద ఉన్న మిగతా బొమ్మల్లో ఒకటి. 2డీ కోడ్‌తో, అంటే క్యూఆర్ లాంటి నల్ల గడుల చతురస్రంతో, మారేది సరిగ్గా ఇదే. అందులో బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ కూడా పెట్టాలనుకున్నారంటే ఆ కోడ్ ఇక ప్రెస్‌లో పుట్టదు. మీ కన్వేయర్ మీద, ప్యాకెట్ పరిగెడుతుండగా, అర సెకను లోపల పుడుతుంది. అంటే నిన్నటిదాకా డిజైనర్ పని అయినది రేపటినుంచి షిఫ్ట్ సూపర్‌వైజర్ నెత్తిన పడుతుంది. ఈ ఒక్క సంగతి ముందే అర్థం చేసుకున్న ఫ్యాక్టరీలు పెద్దగా ఇబ్బంది పడవు. అర్థం కాకుండా ముందుగా మెషిన్ కొన్నవాళ్ల దగ్గర ఆ మెషిన్ ఒక మూల కవరు కప్పుకుని ఉంటుంది.

ఇంతకీ ఇప్పుడే ఎందుకీ హడావుడి అంటే, 1974 జూన్ 26న అమెరికాలో ఓహైయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్లో, ఒక సూపర్‌మార్కెట్ కౌంటర్‌లో, రిగ్లీ చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో మొదటి స్కాన్ జరిగింది. అప్పటినుంచీ కౌంటర్‌లో ఆ గీతలు చెప్పేది ఒక్కటే, ఇది ఏ వస్తువు అని. ఏ బ్యాచ్‌ది, ఎప్పటిదాకా బాగుంటుంది అని అడిగితే వాటికి నోరు లేదు. ఈ నంబర్ల వ్యవస్థను నడిపే జీఎస్1 సంస్థ 2027 చివరికల్లా దుకాణాల కౌంటర్లు గీతల కోడ్‌తో పాటు 2డీ కోడ్‌ని కూడా చదవగలగాలని లక్ష్యం పెట్టుకుంది, దానికే సన్‌రైజ్ 2027 అని పేరు. ఇది దుకాణాల స్కానర్లకి పెట్టుకున్న గడువు అని గుర్తుంచుకోండి. ఆ మర్నాటి నుంచి గీతల కోడ్ చెల్లదని ఎవరూ అనలేదు. మెషిన్ అమ్మడానికి వచ్చినాయన "గడువు దాటితే మీ సరుకంతా వెనక్కి వచ్చేస్తుంది సార్" అంటే నవ్వి ఊరుకోండి.

మొదటి పని: కోడ్‌లో ఏం పెట్టాలో తేల్చుకోండి

ఇది ఒక్కటి తేలితే మిగతా సగం దానంతటదే తేలిపోతుంది. మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, వస్తువు నంబరు మాత్రమే పెట్టడం. అంటే ఇప్పుడు గీతల్లో ఉన్న ఆ 13 అంకెలే, 2డీ రూపంలో. ఇది ఎప్పటికీ మారదు కాబట్టి ఆర్ట్‌వర్క్‌లోనే పెట్టేయొచ్చు, లైన్ మీద ఏ మార్పూ అక్కర్లేదు. దీన్ని క్యూఆర్ లింకుగా పెడితే కస్టమర్ ఫోన్‌తో స్కాన్ చేసినప్పుడు మీ పేజీ తెరుచుకుంటుంది, అంతే. బ్యాచ్ రీకాల్ లాంటివాటికి పనికిరాదు.

రెండు, నంబరుతో పాటు బ్యాచ్, ఎక్స్‌పైరీ కూడా. ఈ మొత్తం మార్పు వల్ల అసలు లాభం ఇక్కడే ఉంది. తేదీ దాటిన ప్యాకెట్‌ని కౌంటర్ దగ్గరే ఆపొచ్చు, ఒక బ్యాచ్‌లో లోపం బయటపడితే ఆ బ్యాచ్‌ని మాత్రమే వెనక్కి పిలవొచ్చు, మిగతా సరుకు అమ్ముకుంటూ ఉండొచ్చు. అయితే బ్యాచ్ మారినప్పుడల్లా కోడ్ మారాలి, కాబట్టి లైన్ మీదే ప్రింట్ చేయాలి.

మూడు, ప్రతి ప్యాకెట్‌కీ ఒక విడి సీరియల్ నంబర్. మీ మీద చట్టం ఒత్తిడి ఉంటేనో, నకిలీల బెడద నిజంగా ఉంటేనో తప్ప దీని జోలికి వెళ్లొద్దు. ప్రింట్ చేయడం ఇక్కడ పెద్ద విషయం కాదు, అసలు కష్టం లెక్క అప్పజెప్పడంలో ఉంది. పక్కకి తోసేసిన ప్యాకెట్ నంబరేమైంది, శాంపిల్‌కి తీసిన నంబరేమైంది, లైన్ జామ్ అయినప్పుడు చింపేసిన పన్నెండింటి నంబర్లేమయ్యాయి, ఇవన్నీ ఎక్కడో ఒకచోట నమోదు కావాలి. రెండో దారిలో ఏడాది నడిచాక మూడోదాని గురించి ఆలోచించినా ఆలస్యమేం కాదు.

అన్ని వస్తువులకీ ఒకే దారి అక్కర్లేదు కూడా. తేదీతో పనిలేని చీపుర్లకీ బకెట్లకీ మొదటి దారి చాలు, పాడైపోయే సరుకుకి రెండోది. మీ వస్తువుల పట్టిక ముందేసుకుని ఒక్కోదాని పక్కన 1 అనో 2 అనో రాసుకుంటూ వెళ్లండి, ఒక మధ్యాహ్నం పని.

రెండో పని: నంబర్ల పట్టికని కడగండి

విసుగు పుట్టించే పని, ఎవరూ మెచ్చుకోరు, కానీ తప్పదు. వస్తువు నంబర్లు ఫ్యాక్టరీలో ఎన్నిచోట్ల ఉన్నాయో లెక్కపెట్టండి. ఈఆర్‌పీలో (ఫ్యాక్టరీ లెక్కలన్నీ నడిపే సాఫ్ట్‌వేర్) ఒకటి, డిజైనర్ కంప్యూటర్‌లో ఒకటి, సేల్స్ వాళ్ల ఎక్సెల్‌లో ఒకటి, ప్రెస్‌కి పంపిన ఈమెయిల్‌లో ఒకటి. అన్నీ ఒకటేనా? పందెం కాస్తాను, కావు. ఎప్పుడో ప్యాక్ సైజు మార్చి పాత నంబరే వాడేసిన వస్తువు ఒకటైనా దొరుకుతుంది.

2డీ కోడ్‌లో వస్తువు నంబర్‌ని 14 అంకెలుగా రాస్తారు. మీ 13 అంకెల నంబరుకి ముందు ఒక సున్నా చేరుతుంది. ఉదాహరణకి 9506000134352 అనే నంబరు 09506000134352 అవుతుంది. ఈ సున్నాతోనే ఉంది తంటా అంతా. ఎక్సెల్‌లో ఆ గడిని టెక్స్ట్‌గా పెట్టకపోతే సున్నా మాయమైపోతుంది, అంకెలన్నీ కలిసి 9.506ఇ+12 అయి కూర్చుంటాయి. ఇంకో తమాషా ఏంటంటే, బ్యాచ్ నంబర్‌లో అంకెల మధ్య ఇంగ్లిష్ ఇ అక్షరం ఉందనుకోండి, 24ఇ10 లాంటిది, ఎక్సెల్ దాన్ని పది సున్నాల పెద్ద సంఖ్య అనుకుని మార్చేస్తుంది. కాబట్టి నంబర్లని ఎక్సెల్ ద్వారా చేతులు మార్చడం ఎంత తగ్గిస్తే అంత మంచిది, తప్పదనుకుంటే అన్ని నిలువు వరసలనీ టెక్స్ట్ చేశాకే అతికించండి.

13 అంకెల నంబరులో చివరి అంకె చెక్ డిజిట్, నంబరు తప్పుగా ఎక్కితే పట్టించేది. ఎడమ నుంచి మొదటి 12 అంకెల్ని వరసగా 1, 3, 1, 3 తో గుణించి కూడాలి, ఆ మొత్తాన్ని పైనున్న పదుల సంఖ్యకి చేర్చడానికి ఎంత కావాలో అదే చెక్ డిజిట్. పై నంబరుకి మొత్తం 78 వస్తుంది, 80కి 2 తక్కువ, చివర ఉన్నదీ 2నే. పట్టిక మొత్తానికి ఈ లెక్క ఒక ఫార్ములాతో వేసి చూడండి, తప్పు నంబర్లు వాటంతటవే బయటికొస్తాయి.

బ్యాచ్ నంబర్ పద్ధతిని కూడా ఇప్పుడే సరిచేసుకోండి. ప్రమాణం ప్రకారం 20 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు గానీ ఎంత పొట్టిగా ఉంటే కోడ్ అంత చిన్నదవుతుంది. ఖాళీలు, స్లాష్‌లు తీసేయండి, ముఖ్యంగా స్లాష్. లింకు రూపంలో ఉన్న కోడ్‌లో స్లాష్‌కి వేరే అర్థం ఉంది, దాన్ని మార్చి రాయకపోతే స్కానర్ మీ బ్యాచ్ నంబరుని సగంలో తెగ్గోస్తుంది. ఇంగ్లిష్ ఓ అక్షరానికీ సున్నాకీ తేడా తెలియని ఫాంట్ ఉంటే అదొకటి.

మూడో పని: క్యూఆరా, డేటా మ్యాట్రిక్సా?

క్యూఆర్ కోడ్‌ని 1994లో జపాన్‌కి చెందిన డెన్సో వేవ్ వాహన విడిభాగాల లెక్కల కోసం తయారుచేసింది, ఇప్పుడు ప్రతి ఫోన్ కెమెరా చదువుతుంది. డేటా మ్యాట్రిక్స్ దానికంటే చిన్న చోట్లో ఇముడుతుంది, మందుల డబ్బాల మీద చూసే ఉంటారు, మూలల్లో పెద్ద చతురస్రాలు లేకుండా ఎడమవైపూ కిందా మందపాటి గీత ఉంటుంది. మామూలు ఫోన్ కెమెరాకి చూపిస్తే చాలాసార్లు పట్టించుకోదు.

మాటల్లో కంటే కొలతల్లో చూస్తే సులభం. వస్తువు నంబరు, 2027 నవంబర్ 30 ఎక్స్‌పైరీ, బీ2417 అనే బ్యాచ్, ఈ మూడూ పెట్టాలనుకుందాం. చిన్న గడి ఒక్కొక్కటి అర మిల్లీమీటర్ అనుకుందాం.

డేటా మ్యాట్రిక్స్ అయితే ఇది 18×18 గడుల్లో సరిపోతుంది. చుట్టూ ఒక గడి ఖాళీ వదలాలి, మొత్తం 20 గడులు, అంటే 10 మిల్లీమీటర్ల చతురస్రం. అదే సమాచారం క్యూఆర్‌లో లింకుగా రాస్తే, మీ వెబ్‌సైట్ పేరు పదకొండు అక్షరాలనుకుంటే, మొత్తం 56 అక్షరాలవుతుంది. మధ్యస్థ స్థాయి దోష సవరణతో (కోడ్ కొంత చెడినా చదవగలిగేలా చేర్చే అదనపు సమాచారం) అది 33×33 గడులు కావాలంటుంది. క్యూఆర్‌కి చుట్టూ నాలుగేసి గడులు ఖాళీ వదలాలి, మొత్తం 41 గడులు, అంటే 20.5 మిల్లీమీటర్లు. పొడవులో రెట్టింపు, వైశాల్యంలో నాలుగు రెట్లకి పైనే.

చిన్న సీసా లేబుల్ మీద ఈ తేడా చాలా పెద్దది. నా మటుకు నేను చెప్పేదేంటంటే, కస్టమర్ ఫోన్‌తో స్కాన్ చేయాలన్న కోరిక మీ మార్కెటింగ్ వాళ్లకి ఉంటే క్యూఆర్ పెట్టుకోండి, లేకపోతే డేటా మ్యాట్రిక్స్‌తో ప్రాణం హాయిగా ఉంటుంది. కానీ చాలాచోట్ల మార్కెటింగ్ వాళ్లదే పైచేయి అవుతుంది, అది కూడా నిజమే.

డేటా మ్యాట్రిక్స్ ఎంచుకున్నవాళ్లకి రెండు గుంటలున్నాయి, అందరూ కనీసం ఒకదాంట్లో పడతారు. కోడ్ పక్కన మనుషులు చదివేందుకు (01), (17), (10) అని బ్రాకెట్లతో రాస్తారు కదా, వెనక వచ్చేది వస్తువు నంబరా, ఎక్స్‌పైరీయా, బ్యాచా అని వరసగా చెప్పే గుర్తులివి, ఆ బ్రాకెట్లు కోడ్ లోపల ఉండకూడదు, అవి కంటికి మాత్రమే. సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసే కుర్రాడు బ్రాకెట్లతో సహా కొట్టేస్తాడు, ఫోన్ యాప్‌లో చక్కగా కనిపిస్తుంది, దుకాణం స్కానర్ మాత్రం మొరాయిస్తుంది. రెండోది, వస్తువు నంబరుకీ తేదీకీ పొడవు స్థిరం, బ్యాచ్‌కి కాదు. బ్యాచ్‌ని మధ్యలో పెడితే అది ఎక్కడ ముగిసిందో చెప్పే ప్రత్యేక విభజన గుర్తు దాని తర్వాత పెట్టాలి, అది మర్చిపోతే తర్వాతి అంకెలన్నీ బ్యాచ్‌లో కలిసిపోతాయి. ఈ గొడవ లేకుండా 01, 17 ముందు పెట్టి 10ని చివరికి తోసేయండి.

తేదీ గురించి ఒక మాట. కోడ్‌లో తేదీ ఏడాది, నెల, రోజు వరసలో ఉంటుంది. 2027 నవంబర్ 5 అంటే 271105. ప్యాకెట్ మీద మనం 05/11/27 అని రాసే అలవాటులో ఎవరైనా 051127 అని ఎక్కిస్తే స్కానర్ దాన్ని 2005 నవంబర్ 27గా చదువుకుంటుంది, కౌంటర్‌లో మీ తాజా సరుకుకి కాలం చెల్లిపోయి ఇరవై ఏళ్లు దాటినట్టు చూపిస్తుంది. ఎక్స్‌పైరీకి 17, బెస్ట్ బిఫోర్‌కి 15, తయారీ తేదీకి 11. ప్యాకెట్ మీద బెస్ట్ బిఫోర్ అని అచ్చేసి కోడ్‌లో 17 పెట్టడం కూడా తప్పే.

నాలుగో పని: లింకు ఎవరి పేరు మీద ఉంటుందో చూసుకోండి

క్యూఆర్ దారి పట్టినవాళ్లకి మాత్రమే ఇది. డేటా మ్యాట్రిక్స్‌లో అంకెలే పెడుతుంటే దాటేయొచ్చు.

క్యూఆర్‌లో వెబ్ అడ్రస్ ఉంటుంది, దాని వెనకే వస్తువు నంబరు, బ్యాచ్, తేదీ వరసగా ఉంటాయి. జీఎస్1 డిజిటల్ లింక్ అంటే ఇదే. కౌంటర్ స్కానర్ ఇంటర్నెట్‌లోకి వెళ్లదు, ఆ అడ్రస్‌లోంచి నంబర్లని ఏరుకుంటుంది, ఫోన్ మాత్రం పేజీ తెరుస్తుంది. ఒకే కోడ్ ఇద్దరికీ పనికొస్తుంది.

మీ సొంత డొమైన్ వాడండి, వీలైనంత పొట్టిది. ఆన్‌లైన్‌లో ఉచితంగా క్యూఆర్ చేసిచ్చే సైట్లు ఉంటాయి, అవి తమ అడ్రస్‌ని మధ్యలో దూర్చి ఇస్తాయి. చందా ఆగిన రోజున మార్కెట్‌లో ఉన్న మీ లక్షల ప్యాకెట్ల మీద లింకు చచ్చిపోతుంది, పైగా అందులో వస్తువు నంబరు ఉండదు కాబట్టి కౌంటర్ స్కానర్‌కి అది ఎప్పుడూ పనికిరాలేదు. డొమైన్ రెన్యువల్ తేదీ ఎవరి క్యాలెండర్‌లో ఉందో కూడా కనుక్కోండి, వెళ్లిపోయిన ఉద్యోగి ఈమెయిల్‌కి ఆ రిమైండర్ వెళ్తుంటే మాత్రం ఈరోజే మార్పించండి.

ప్యాకెట్ మీద ఇప్పటికే ప్రచారానికో సోషల్ మీడియాకో ఒక క్యూఆర్ ఉంటే దాన్ని తీసేసి అదంతా ఈ కొత్త పేజీలోకి తెచ్చేయండి. ఒకే ప్యాకెట్ మీద రెండు క్యూఆర్‌లుంటే కౌంటర్‌లో ఉన్న మనిషికి ఏది చూపించాలో తెలియదు.

ఐదో పని: ప్యాకెట్ మీద చోటు

గీతల కోడ్ ఇంకా కొన్నేళ్లు ఉండాల్సిందే కాబట్టి రెండూ ఒకదాని దగ్గరగా మరొకటి పెట్టండి. కౌంటర్‌లో వాళ్ల చెయ్యి గీతలున్న వైపుకే ప్యాకెట్‌ని తిప్పుతుంది, కొత్త కోడ్ కూడా అక్కడే కనిపించాలి. రెండింట్లోనూ వస్తువు నంబరు ఒకటే అయ్యుండాలని వేరే చెప్పాలా.

మడత మీద, సీల్ వచ్చేచోట, సీసా వంపు మొదలయ్యేచోట, ష్రింక్ ఫిల్మ్ సాగేచోట పెట్టొద్దు. నేపథ్యం తెల్లగా, గడులు నల్లగా ఉంటే గొడవే లేదు. బ్రాండ్ రంగు ఎరుపైతే ఎరుపులో కోడ్ వేయమని డిజైనర్ అడుగుతాడు. చాలా స్కానర్లది ఎర్రటి వెలుగు, ఆ వెలుగులో ఎరుపు తెల్లగా కనిపిస్తుంది, కోడ్ కంటికి కనిపించినా స్కానర్‌కి కనిపించదు. మధ్యలో లోగో పెట్టమన్నా ఒప్పుకోకండి. లోగో కప్పేసిన గడులని దోష సవరణ సరిచేస్తుంది నిజమే, కానీ ఆ సవరణ ఉన్నది కోడ్ గీసుకుపోయినప్పుడు, ఇంకు చెదిరినప్పుడు వాడుకోవడానికి. అదంతా లోగోకే ఖర్చయిపోతే రేపు ప్యాకెట్ నలిగినప్పుడు ఏముంటుంది?

లైన్ మీద ప్రింట్ చేసేవాళ్లు ఆర్ట్‌వర్క్‌లో ఆ చోటుని వార్నిష్ లేకుండా ఖాళీగా వదలమని ప్రెస్‌కి రాతపూర్వకంగా చెప్పండి. వార్నిష్ మీద ఇంకు ఆరదు, వేలు తగిలితే చెరిగిపోతుంది. ఇదొక్కటి మర్చిపోయి మూడు నెలల రోల్స్ స్టాక్ పక్కన పెట్టినవాళ్లని చూశాను.

ఆరో పని: ఇప్పుడు ప్రింటర్

తేదీలు కొట్టే పాత ఇంక్‌జెట్ ఉంది కదా, దాంతోనే కొట్టేద్దాం అని ఓనర్ అంటాడు. ఇంకు చుక్కల్ని గాల్లో విసిరే ఆ కంటిన్యూయస్ ఇంక్‌జెట్ అంకెలకి బాగానే ఉంటుంది, 2డీ కోడ్‌కి మాత్రం చుక్కలు అంత కుదురుగా పడవు, కౌంటర్ స్థాయి నాణ్యత రావడం కష్టం. అట్టపెట్టెకీ కాగితానికీ థర్మల్ ఇంక్‌జెట్, ప్లాస్టిక్ ఫిల్మ్‌కి థర్మల్ ట్రాన్స్‌ఫర్, కొన్ని ఉపరితలాలకి లేజర్, ఏదీ కుదరకపోతే లేబుల్ కొట్టి అతికించే మెషిన్. మీ అసలు ఫిల్మ్, మీ అసలు వేగం ఇచ్చి శాంపిల్ కొట్టించుకోండి, షోరూమ్‌లో తెల్ల కాగితం మీద కొట్టిన శాంపిల్ చూసి మురిసిపోవద్దు.

చుక్కల లెక్క ఒకటి నేర్చుకోండి, సర్వీస్ ఇంజినీర్‌కి కూడా ఇది తట్టకపోవచ్చు. 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు) ప్రింట్ హెడ్‌లో ఒక చుక్క 0.125 మిల్లీమీటర్. నాలుగు చుక్కలు కలిస్తే సరిగ్గా అర మిల్లీమీటర్ గడి, అందంగా వస్తుంది. అదే మీరు చోటు చాలక సాఫ్ట్‌వేర్‌లో 0.45 అని పెట్టారనుకోండి, 3.6 చుక్కలు కావాలి. చుక్కకి ముక్కలుండవు కాబట్టి ప్రింటర్ కొన్ని గడులకి మూడు, కొన్నిటికి నాలుగు వేస్తుంది, కోడ్ వంకర్లు పోతుంది. 300 డీపీఐలో చుక్క సుమారు 0.085, ఆరు చుక్కలైతే 0.51. ఎప్పుడూ పూర్ణ సంఖ్యలో చుక్కలు వచ్చేలా సైజు పెట్టండి. చోటు చాలకపోతే గడిని చిన్నది చేసే ముందు లోపలి సమాచారాన్ని తగ్గించండి.

ఏడో పని: ప్రింటర్ వెనకే కెమెరా

కోడ్ కొట్టి వదిలేస్తే కుదరదు. ప్రతి ప్యాకెట్‌నీ చదివి, లోపలున్న సమాచారం ఈరోజు బ్యాచ్‌తో సరిపోయిందో లేదో చూసి, లేకపోతే పక్కకి తోసేసే ఏర్పాటు కావాలి. చదవగలిగితే చాలనుకునే కెమెరా సగం కెమెరా, నిన్నటి బ్యాచ్‌ని కూడా అది హాయిగా చదివి పాస్ చేస్తుంది.

కన్వేయర్ నిమిషానికి 30 మీటర్లు పోతుంటే ప్యాకెట్ సెకనుకి 500 మిల్లీమీటర్లు కదులుతుంది. కెమెరా కన్ను సెకనులో వెయ్యో వంతు సేపు తెరిచి ఉన్నా ఆ లోపల ప్యాకెట్ అర మిల్లీమీటర్ జరిగిపోతుంది, అంటే ఒక గడి మొత్తం అలికినట్టే. ఆ సమయాన్ని ఐదో వంతుకి తగ్గిస్తే 0.1 మిల్లీమీటర్, అది పర్వాలేదు. కానీ అంత తక్కువ సమయానికి లైటు గట్టిగా కావాలి. అందుకే కెమెరా ధర అడిగినప్పుడు లైటు ధర కూడా అడగండి, మెరిసే ఫిల్మ్ అయితే మరీనూ.

వరసగా మూడో నాలుగో రిజెక్ట్ అయితే లైన్ తనంతట తాను ఆగేలా పెట్టించండి. ఒకటి పోతే ఏదో ధూళి అనుకోవచ్చు, వరసగా పోతున్నాయంటే రిబ్బన్ అయిపోయినట్టో హెడ్ మూసుకుపోయినట్టో లెక్క. రిజెక్ట్ డబ్బాకి తాళం పెట్టండి, తాళంచెవి క్వాలిటీ వాళ్ల దగ్గరే ఉండాలి. లేకపోతే టార్గెట్ తక్కువైన రాత్రి ఆ ప్యాకెట్లు మళ్లీ కన్వేయర్ ఎక్కుతాయి, ఎవరూ ఎక్కించలేదని అందరూ చెప్తారు.

ఎనిమిదో పని: తేదీ ఒక్క చోటి నుంచే రావాలి

ప్యాకెట్ మీద మనిషి చదివే తేదీ, కోడ్ లోపలి తేదీ, బ్యాచ్ రికార్డులో తేదీ, ఈ మూడూ ఒకే మూలం నుంచి రావాలి. నేను పనిచేసిన ఒక ప్లాంట్‌లో అంకెలు కొట్టే ప్రింటర్ తన సొంత గడియారం చూసుకునేది, కోడ్ కొట్టేది కంప్యూటర్ గడియారం చూసుకునేది. ఆ కంప్యూటర్ ఏడు నిమిషాలు వెనక ఉంది. రోజూ రాత్రి పన్నెండు దాటాక ఏడు నిమిషాల పాటు ప్యాకెట్ల మీద ఒక తేదీ, కోడ్‌లో దాని ముందు రోజు తేదీ. కెమెరా పట్టుకోలేదు, ఎందుకంటే కెమెరా కూడా ఆ కంప్యూటర్ చెప్పిందే నమ్మింది. చివరికి పట్టుకున్నది నైట్ షిఫ్ట్‌లో ప్యాకింగ్ చేసే ఒకమ్మాయి, ఊరికే సరదాకి ఫోన్‌తో స్కాన్ చేసి "సార్, ఇందులో నిన్నటి తేదీ ఉందేంటి" అంది. అప్పటికి ఎన్ని రాత్రులు అలా నడిచిందో లెక్క తీస్తుంటే అందరి మొహాలూ పాలిపోయాయి.

కాబట్టి షిఫ్ట్ మొదట్లో సూపర్‌వైజర్ చేతితో టైప్ చేసే పద్ధతి తీసేయండి. వర్క్ ఆర్డర్ మీద ఒక కోడ్ పెట్టి దాన్ని స్కానర్ గన్‌తో కొడితే బ్యాచ్, తేదీ అన్నిటికీ ఒకేసారి వెళ్లేలా చేయించండి. అర్ధరాత్రి దాటితే తేదీ మారాలా, బ్యాచ్ పూర్తయ్యేదాకా ఒకటే ఉండాలా అన్నది కాగితం మీద ముందే రాసుకోండి. రెండిట్లో ఏదైనా పర్వాలేదు, ఆపరేటర్‌కో పద్ధతి మెషిన్‌కో పద్ధతి ఉంటేనే చిక్కు.

తొమ్మిదో పని: గ్రేడ్ కొలవండి, ఫోన్‌ని నమ్మకండి

"మా ఫోన్‌లో స్కాన్ అవుతోంది" అన్నది పరీక్ష కిందికి రాదు. ఫోన్ కెమెరా చాలా తెలివైనది, చెడిపోయిన కోడ్‌ని కూడా ఎలాగోలా చదివేస్తుంది. వెరిఫయర్ అనే పరికరం వేరే ఉంటుంది, అది 2డీ కోడ్‌ని ఐఎస్ఓ/ఐఈసీ 15415 ప్రమాణం ప్రకారం కొలిచి 4 నుంచి 0 దాకా మార్కు ఇస్తుంది, అక్షరాల్లో చెప్పాలంటే ఏ నుంచి ఎఫ్. జీఎస్1 కనీసంగా అడిగేది 1.5, అంటే సీ. మీరు లైన్ మీద 1.5కే సరిపెట్టుకుంటే లారీలో రాసుకుని గోడౌన్‌లో చెమ్మ తగిలి దుకాణం చేరేసరికి అది ఇంకా దిగుతుంది, కాబట్టి మీ సొంత గీత 2.5 దగ్గర గీసుకోండి. ప్రతి రోల్ మార్చాక ఒకటి, షిఫ్ట్ మధ్యలో ఒకటి కొలిస్తే చాలు.

మిగిలినవి గబగబా

గోడౌన్‌లో ఉన్న గన్‌లన్నీ ఒకసారి తీసి చూడండి, లేజర్‌వైతే 2డీ కోడ్‌ని చదవలేవు, కెమెరా రకం ఇమేజర్ కావాలి. ఉన్నవి ఇమేజర్లే అయినా 2డీ చదివే సెట్టింగ్ ఆపేసి ఉండొచ్చు, సాఫ్ట్‌వేర్ ఆ పొడుగాటి వరసని ముక్కలుగా విడగొట్టలేకపోవచ్చు. పెద్ద పెట్టెల మీద ఉన్న కోడ్‌లు ఇప్పటికి అలాగే ఉండనివ్వండి, పెట్టెకి వేరే నంబరు ఉంటుంది, దాన్ని లోపలి ప్యాకెట్ నంబరుతో కలపొద్దు.

అన్ని లైన్లలో ఒకేసారి మొదలుపెట్టొద్దు. నెమ్మదిగా నడిచే లైన్ ఒకటి, తెల్ల అట్టపెట్టెలో వెళ్లే వస్తువు ఒకటి ఎంచుకుని రెండు మూడు నెలలు నడపండి. బ్యాచ్ మార్చేటప్పుడు పాత బ్యాచ్ కోడ్ ఉన్న ఖాళీ ప్యాకెట్లు మెషిన్‌లో మిగిలిపోతాయి, వాటిని ఎవరు తీసి ఎవరి ముందు చింపాలో అప్పుడే తెలుస్తుంది. ప్రింట్ హెడ్ ఎన్నాళ్లకోసారి తుడవాలో కూడా మాన్యువల్ కంటే మీ ఫ్యాక్టరీలో ధూళే బాగా చెప్తుంది. ఆపరేటర్లకి క్లాసులు పీకకండి, మంచి కోడ్ ఒకటి, చెడిపోయిన కోడ్‌లు ఐదారు రకాలు ఒక అట్ట మీద అతికించి మెషిన్ పక్కన వేలాడదీయండి.

గీతల కోడ్ ఎప్పుడు తీసేయాలంటారా? మీ సరుకు అమ్మే ఆఖరి దుకాణం కూడా 2డీ చదువుతున్నామని రాసిచ్చిన తర్వాత. అప్పుడు కూడా ముందు ఒక్క వస్తువు మీద తీసి, ఆరు నెలలు చూసి.